నీళ్ళ మీద ఉన్నవాడు రిహార్సలుకి వచ్చాడు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇదంతా జరిగాక కూడా లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పేది విన్నవాళ్ళలో సగం మంది "పాపం, భయపడి ఉంటుంది" అంటున్నారు. మిగతా సగం "పాపం, దిగులు మీద అలా అనిపించి ఉంటుంది" అంటున్నారు. ఆ పాపం అనే మాట నాకు అక్కర్లేదు.

ఒకప్పుడు రంగూన్‌లో, సంచౌంగ్ పేటలో నేను అద్దెకున్న గదిలో నాకంటే ముందు ఉన్నామె ఉరి వేసుకుందట. ఇంటామె దాచకుండా చెప్పింది. ఎవరూ రావడం లేదని నాకు ఇచ్చింది. రెండు వానాకాలాలు ఆ గదిలో ఒంటరిగా ఉన్నాను. ఆ దూలానికే తాడు కట్టి బట్టలు ఆరేసుకున్నాను. ఎలుకల చప్పుడు తప్ప ఇంకేమీ వినలేదు.

నేను పనిచేసేది చౌక్తడాలో, కోర్టుల ఎదుటి సందులో ఒక జిరాక్సు, టైపింగు దుకాణంలో. రోజంతా లాయర్లు మా బల్ల దగ్గర నిలబడి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎలా ఉంది, అలా చెబితే ఎవరికి లాభం. నేనూ ఆ పద్ధతిలోనే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మాది అదే ఊళ్ళో తాకేటా పేట. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. తాత కూడా రేవులోనే చేశాడు. నాన్న పజున్‌డౌంగ్ కాలువ మీద పడవ నడిపాడు. నాన్న పోయాక అమ్మ మా సందు మొదట్లో గారెలు, బజ్జీలు వేసి మమ్మల్ని పెంచింది. నన్నూ, నాకంటే చాలా చిన్నవాడైన మా తమ్ముడు సింహాద్రినీ. ఆదివారాలు గుడి హాల్లో నేను పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతాను. అందుకే ఇది తెలుగులో రాయగలుగుతున్నాను.

సింహాద్రి నటుడు. ఫోన్లు బాగుచేసే కొట్లో పని చేసేవాడు గానీ, ఎవరైనా ఏం చేస్తావని అడిగితే నటుణ్ణి అనే చెప్పేవాడు. చిన్నప్పటి నుంచి గుడి నాటకాల్లో వేషాలు వేశాడు. తర్వాత బర్మా వీడియో సినిమాల్లో చిన్న చిన్న వేషాలు దొరికాయి. పేరుకి రకరకాలు, నిజానికి అన్నీ ఒకటే. టీ కొట్టువాడు, గేటు కాపలావాడు, వడ్డీలకిచ్చేవాడు. తల అటూ ఇటూ ఊపుతూ బర్మీస్‌ని వంకరటింకరగా మాట్లాడాలి, జనం నవ్వాలి.

వాడికి బర్మీస్ ఆ సినిమావాళ్ళందరికంటే బాగా వచ్చు. ఒకరోజు షూటింగులో తప్పుగా పలకమంటే సరిగ్గా పలికాడు. మళ్ళీ తీశారు. మళ్ళీ సరిగ్గానే పలికాడు. సాయంత్రానికి పంపించేశారు. ఇంటికొచ్చి, గారె నములుతూ, ఆ డైరెక్టరు మొహం ఎలా ఎర్రబడిందో చేసి చూపించాడు. అమ్మ నవ్వీ నవ్వీ పొయ్యి మీద నూనె సంగతి మర్చిపోయింది. ఆ తర్వాత వాడు సినిమాల వైపు వెళ్ళలేదు.

గుడి నాటకం మాత్రం వదల్లేదు. అది మా పెదనాన్న రాసిన నాటకం. రేవులో మా తాతల కథ. సరుకు పడవలో ఎర్రయ్య అనే కూలీకి రోగం తగులుతుంది. వాణ్ణి దారిలో ఇసుక దిబ్బ మీద దించేసి పడవ పోనిమ్మంటాడు కంపెనీ ఏజెంటు. పడవ మేస్త్రి దించనంటాడు. నాటకంలో పెద్ద సీను అదే. ఏజెంటు వేషం పెదనాన్నది, మేస్త్రి వేషం సింహాద్రిది. ఏటా దీపావళి దాటాక అమ్మవారి పండగలో వేస్తారు.

దేశంలో యుద్ధం వచ్చింది. కొన్నాళ్ళకి కుర్రాళ్ళని సైన్యంలోకి పిలవడం మొదలైంది. వార్డులో చీటీలు తీస్తే సింహాద్రి పేరు వచ్చింది. అప్పటికే మా సందులో చాలామంది సరిహద్దు దాటిపోయారు. అమ్మ కూడా వెళ్ళిపొమ్మంది. వాడు కదల్లేదు.

"నానెల్లిపోతే నా బదులు ఇంకో పేరు తీత్తారమ్మా. ఆ పేరుకీ ఓ అమ్ముంటాది" అన్నాడు.

అది మంచి నిర్ణయమో కాదో ఇప్పటికీ నేను చెప్పలేను. నాకు వాడి మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది.

శిక్షణ అయ్యాక, పడవ పని తెలిసినవాడని తీర రక్షణ దళంలోకి పంపారు. డెల్టా దిగువన, ఏరు సముద్రంలో కలిసేచోట, కాపలా పడవ మీద తాళ్ళు పట్టే పని. సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేసేవాడు. పని సంగతులు చెప్పేవాడు కాదు, చెప్పకూడదు కూడా. దోమల గురించి, ఎండు చేపల కూర గురించి చెప్పేవాడు. ఒక పండగ రోజు పడవవాళ్ళందరూ కూర్చుని ఏదైనా చెయ్యమన్నారట. వాడు సినిమాల్లో వేసిన టీ కొట్టువాడి వేషం ఎవరికో గుర్తుంది, అది చెయ్యమన్నారు. వాడు లేచి మేస్త్రి సీను చేశాడు, మొత్తం తెలుగులో.

"ఎవులికీ ఒక్క ముక్క అర్దం అవలేదప్పా. ఒక్కడూ కదల్లేదు" అన్నాడు ఫోన్లో. మా వైపు పెద్దక్కని అప్ప అంటాం. వాడి గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు.

ఆ ఏడు దీపావళి వెళ్ళగానే గాలివాన వచ్చింది. తాకేటాలో రేకులు లేచిపోయాయి. కాలువ నీళ్ళు సందులోకి వచ్చాయి. అది తగ్గిన కొన్నాళ్ళకి ఒక ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పడవ మునిగింది, కొందరు దొరికారు, మీవాడు దొరకనివాళ్ళలో ఉన్నాడు, వచ్చి సామాను తీసుకుని సంతకం పెట్టండి అన్నారు.

అమ్మా నేనూ వెళ్ళాం. అక్కడివాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. టీ ఇచ్చారు. బల్ల మీద వాడి సంచీ పెట్టారు. అమ్మ ఆ సంచీని ముట్టుకోలేదు. మనిషిని చూపిస్తే సంచీ తీసుకుంటానని బర్మీస్‌లో చెప్పింది. అక్కడి అధికారి మళ్ళీ మొదటినుంచీ విడమరచి చెప్పాడు. అమ్మ మొత్తం విని, అదే మాట మళ్ళీ చెప్పి, లేచి వచ్చేసింది.

తర్వాతి రోజు పొద్దున్నే పొయ్యి వెలిగించి గారెలు వేసింది.

సందులో అందరూ అమ్మకి మతి చలించిందనుకున్నారు. పంతులుగారు, సంఘం పెద్దలు వచ్చి, కర్మ జరిపించకపోతే వాడి ప్రాణం నీళ్ళ మీద తిరుగుతూ ఉంటుందన్నారు. అమ్మ వాళ్ళకి గారెలు పెట్టింది. వాళ్ళు తిన్నారు.

"ఆడు పోనాడని మీకు తెలిసిపోనాది కావాల, మీరు ఏడవండి. నాకింకా తెల్దు. తెల్సినప్పుడు నానేడుత్తాను" అంది.

ఇక్కడ నా సంగతి ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆశ పెట్టుకున్నావు కాబట్టే వాడు కనిపించాడు అంటారు నాతో. నాకు ఆశ లేదు. అమ్మతో అనలేదు గానీ, వాడు పోయాడనే నేను అనుకున్నాను. ఆ గాలివానని మా ఇంటి కప్పు కింద నుంచి విన్నాను. సముద్రంలో ఉన్నవాడికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. బస్సులో, దుకాణంలో, టైపు చేస్తూ, తమ్ముడు చచ్చిపోయినదాన్ననే అనుకుంటూ తిరిగాను.

పెదనాన్న ఆ ఏడు నాటకం మానేద్దామన్నాడు. అమ్మే వాళ్ళింటికి వెళ్ళి మానొద్దంది. "నాటకం ఎయ్యండి బావగారూ. ఆడి వేసం మాత్రం ఇంకోడికి ఇవ్వకండి. ఆడొచ్చీదాకా మా పైడమ్మ సదువుతాది" అంది. పైడమ్మ అంటే నేనే. పెదనాన్న చివరికి సరేనన్నాడు. ఆయనకి కూడా అమ్మ మాట కాదనే ఓపిక లేదు.

అలా రిహార్సళ్ళు మొదలయ్యాయి. మేస్త్రి నిలబడే చోటు ఖాళీగా ఉండేది. నేను స్టేజీ పక్కన స్టూలు మీద కూర్చుని వాడి డైలాగులు చదివేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గుడి హాల్లో కలిశాం. కరెంటు లేదు. ఫ్యాన్లు లేవని తలుపులు, కిటికీలు అన్నీ తెరిచాం. పడమటి కిటికీల్లోంచి ఎండ స్టేజీ మీద దాకా పడుతోంది. హాల్లో ఉన్నది పెదనాన్న, నేను, పాట పాడే ఇద్దరు ఆడపిల్లలు, వెనక గుమ్మం దగ్గర అమ్మవారి ఇత్తడి కుందులు తోముతున్న అమ్మ, డోలక్కు వాయించే ఊ టిన్.

ఊ టిన్ మా సందువాడే, బర్మా ఆయన. ఊ అంటే బర్మావాళ్ళు పెద్దవాళ్ళ పేరు ముందు గౌరవంగా చేర్చే మాట. ఆయనకి తెలుగు రాదు. అయినా ఏళ్ళ తరబడి మా నాటకానికి వాయిస్తున్నాడు. మాట అర్థం కాకపోయినా గొంతు ఎక్కడ ఆగుతుందో చూసుకుని దెబ్బ వేస్తాడు.

ఎర్రయ్య వేషం వేసే అతను ఆ రోజు రాలేదు. అతను పడుకునే చోట ఉత్త చాప పరిచి ఉంది.

సీను మొదలైంది. పెదనాన్న ఏజెంటు డైలాగు చెప్పాడు. "దింపెయ్యి మేస్త్రీ. ఒక్కడి కోసం పడవంతా చావాలా?" దానికి జవాబు నేను చదవాలి. చెమటకి కళ్ళజోడు జారుతుంటే తీసి కొంగుతో తుడుచుకుంటున్నాను.

స్టేజీ మీద నుంచి జవాబు వచ్చింది.

"దించీడానికి ఈడు మూట కాదు దొరా, మనిసి. దించాలంటే ముందు నన్ను దించు."

నేను ఆలస్యం చేస్తున్నానని పెదనాన్నే అందుకున్నాడనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని తలెత్తాను.

సింహాద్రి వాడి చోట్లో నిలబడి ఉన్నాడు.

నేనెప్పుడూ చూడని గళ్ళ లుంగీ. వాడి ఒంటికి పెద్దదైన నీలం చొక్కా, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. గడ్డం పెరిగి ఉంది. ఎడమ చెంప మీద గీరుకున్న గాయం, పక్కు కట్టి. కాళ్ళకి చెప్పులు లేవు. భుజం మీద మేస్త్రి వేషానికి వాడే ఎర్ర తువ్వాలు ఉంది. అది తెర పక్కన మేకుకి తగిలించి ఉంటుంది. వాడు దాన్ని తియ్యడం నేను చూడలేదు.

గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగినంత దూరంలో ఉన్నాడు. ఎండ వాడి మీద పడుతోంది. నీడ ఉందా అని అడిగారు కొందరు. నేను నీడ వెతకలేదు. చచ్చిపోయాడనుకున్న తమ్ముడు ఎదురుగా నిలబడితే మీరైతే నేల వైపు చూస్తారా? ఫోన్లో తియ్యలేదేం అని కూడా అడిగారు. తియ్యలేదు. దానికీ ఇదే జవాబు.

నాకు భయం వెయ్యలేదు. పారిపోయి వచ్చాడనుకున్నాను. తలుపులు మూసెయ్యాలి, వీణ్ణి ఎక్కడ దాచాలి అన్నదే నా బుర్రలో తిరిగింది.

పెదనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా తర్వాతి డైలాగు చెప్పాడు. సింహాద్రి జవాబిచ్చాడు. పెదనాన్న మళ్ళీ చెప్పాడు. సీను నడిచిపోతోంది. ఎందుకు ఆపలేదని తర్వాత అడిగితే ఆయన నన్ను వింతగా చూశాడు. "ఆడు డైలాగు అందించినాడు. అందుకోకపోతే ఎలాగ?" అన్నాడు.

డోలక్కు దెబ్బలు కూడా పడుతూనే ఉన్నాయి. ఊ టిన్ తల దించుకుని వాయించే మనిషి. మేస్త్రి గొంతు ఆగినచోటల్లా దెబ్బ వేశాడు. వచ్చింది ఎవరో ఆయన ఇంకా చూడనేలేదు.

అప్పుడు సింహాద్రి చాప వైపు తిరిగి వంగాడు. నాటకంలో అక్కడ ఎర్రయ్యని పేరు పెట్టి పిలవాలి. వాడు పిలవలేదు. బర్మీస్‌లో మాట్లాడాడు. "ఊ ఖిన్, లేవండి. నిద్రపోకూడదు మీరు. లేచి నన్ను చూడండి" అన్నాడు.

అది విని ఊ టిన్ తలెత్తాడు. ఆ సీనంతటిలో ఆయన భాషలో ఉన్న మాట అదొక్కటే. వాయించడం ఆపేశాడు.

మా నాటకంలో ఊ ఖిన్ అనే మనిషి లేడు. మాలో ఎవరికీ ఆ పేరుగలవాళ్ళు తెలియదు.

సింహాద్రి మిగతా రెండు డైలాగులూ చెప్పి, ఎప్పటిలాగే ఎడమ వైపు తెర వెనక్కి వెళ్ళాడు. అప్పుడు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. అరవలేదు, పరిగెత్తి రాలేదు. కుందు చేతిలో పట్టుకునే నిలబడి ఉంది.

"అన్నం తినీసి ఎల్లరా."

తెర వెనక నుంచి జవాబు వచ్చింది. "వొత్తానమ్మా. ఈయన్ని సూసుకోవాల."

నేను లేచాను. వెళ్ళి తెర లాగాను. వేషాల పెట్టె, గోడ. అటువైపు తలుపు లేదు, కిటికీ లేదు. ఆడపిల్లలిద్దరూ బయటికి పరిగెత్తి హాలు చుట్టూ తిరిగి వచ్చారు. ఎదురుగా కిళ్ళీ కొట్టు ఆమె ఎవరూ బయటికి రాలేదంది. మేకుకి ఎర్ర తువ్వాలు లేదు.

ఆడపిల్లలు ఇళ్ళల్లో చెప్పారు. సాయంత్రానికల్లా సందంతా సింహాద్రి పారిపోయి వచ్చాడని చెప్పుకుంది. మర్నాడు పొద్దున వార్డు ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. కూర్చున్నాడు. మీవాడు వచ్చాడటగా అన్నాడు.

ఆ క్షణంలో మా పరిస్థితి మీరు అర్థం చేసుకోవాలి. వచ్చాడంటే పారిపోయినవాడి ఇంటివాళ్ళం అవుతాం. అలాంటి ఇళ్ళకి ఏమవుతుందో అందరికీ తెలుసు. రాలేదంటే వాడు చచ్చిపోయాడని ఒప్పుకుని సంతకం పెట్టాలి.

అమ్మ బాణలిలోంచి చూపు తియ్యకుండా చెప్పింది, బర్మీస్‌లోనే. వచ్చాడు, నాటకంలో తన పని చేశాడు, మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను అవునన్నాను.

పై ఆఫీసువాళ్ళు అతను లేడని చెప్పారు కదా అన్నాడాయన, తికమకపడుతూ.

"మరి లేనివాడు ఎలా పారిపోతాడు?" అంది అమ్మ.

ఆయన లేచాడు. అమ్మ ఇచ్చిన గారెల పొట్లం పట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన ఎవరికీ ఏమీ రాసి పంపినట్టు కూడా లేదు. అందుకు ఆయనకి నా నమస్కారం.

పెద్దలు మళ్ళీ వచ్చారు. చూశారా, ప్రాణం తిరుగుతోంది, ఇప్పటికైనా శాంతి చేయించండి అన్నారు. పక్క సందులో దేవత పూనే ఆమె ఒకతె ఉంది, ఆమె కూడా తనకి తోచింది చేస్తానంది. ఈసారి అమ్మకంటే ముందు నేనే వద్దన్నాను. నేను చూసినవాడికి పెరిగిన గడ్డం ఉంది, మానుతున్న గాయం ఉంది. చచ్చినవాడికి పక్కు కట్టదు. అప్పుడు నాకు మొదటిసారి ఆశ పుట్టింది.

పండగ వచ్చింది. నాటకం వేశారు. సందంతా వచ్చింది, వేరే పేటల నుంచి కూడా వచ్చారు. అందరూ ఏం చూడాలని వచ్చారో నాకు తెలుసు. నేను పక్కన కూర్చుని మేస్త్రి డైలాగులు చదువుతూ ఆ ఖాళీ చోటు మీద నుంచి చూపు తియ్యలేదు. అమ్మ కూడా తియ్యలేదు. ఎవరూ రాలేదు. ఏమీ కనిపించలేదు. ఆశే మనుషులని చూపించేదైతే ఆ సాయంత్రం చూపించి ఉండాలి.

ఇంకొన్నాళ్ళకి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ ఎత్తింది. "ఎక్కడున్నావు?" అంది. అంతకుముందు ఒక హలో లేదు, పేరు అడగడం లేదు. అవతల వాడే.

పడవ బోల్తా పడినప్పుడు సింహాద్రి, ఇంజను చూసే పెద్దాయన ఒకరు, ఒక ఖాళీ డ్రమ్ము పట్టుకుని తేలారు. సముద్రంలో వెదురు తెప్పలు కట్టుకుని నెలల తరబడి అక్కడే ఉండి చేపలు పట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చూసి పైకి లాగారు. తెప్ప మీద సిగ్నల్ ఉండదు. చేపలు తీసుకెళ్ళే పడవ వస్తేనే ఒడ్డుకి దారి. గాలివాన తర్వాత అది చాలా రోజులు రాలేదు. వచ్చిన పడవలోనే వీళ్ళిద్దరూ ఒడ్డుకి చేరారు. అక్కడి నుంచి ఆ పడవ మనిషి దగ్గర ఫోన్ తీసుకుని సింహాద్రి మాట్లాడుతున్నాడు.

అమ్మ నాకు ఫోన్ ఇచ్చింది. నేను హాల్లో జరిగింది చెప్పలేదు. మా దుకాణానికి వచ్చే లాయర్లు ఒకటి చెబుతారు, సాక్షి నోట్లో మనం మాట పెట్టకూడదని. ముందు నువ్వు చెప్పు, తెప్ప మీద ఏం చేశావో అన్నీ చెప్పు అన్నాను.

చెప్పాడు. పెద్దాయనకి కాలు వాచి జ్వరం ముదిరింది. ఆయన్ని నిద్రపోనివ్వద్దు, పోతే లేవడని తెప్పవాళ్ళు అన్నారు. ఆయన వదిలెయ్యమని బతిమాలాడు. ఒక మధ్యాహ్నం ఏం చెయ్యాలో తోచక సింహాద్రి లేచి మేస్త్రి సీను చేశాడు. ఎదుట ఏజెంటు లేడు కాబట్టి పెదనాన్న డైలాగుల చోట ఆగాడు.

అక్కడిదాకా చెప్పి గొంతు తగ్గించాడు. "పెదనాన్న డైలాగులు ఒచ్చినాయప్పా" అన్నాడు.

ఎలా వచ్చాయన్నాను.

"ఎప్పుడూ ఒచ్చినట్టే. ఆయన ఊపిరి తీసుకోడం కూడా ఇనపడింది. ఆకర్న అమ్మ అన్నం తినీసి ఎల్లమంది."

ఆ పెద్దాయన పేరేమిటని అడిగాను. ఊ ఖిన్ అన్నాడు. నేను ఫోన్ అమ్మకి ఇచ్చేసి గడప మీద కూర్చున్నాను.

అది ఏ రోజు అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా వాడు చెప్పలేకపోయాడు. తెప్ప మీద ఆదివారాలు ఉండవు. నా సాక్ష్యంలో ఇది లోటే, ఒప్పుకుంటాను.

వాడు దళానికి తిరిగి వెళ్ళాక కొన్నాళ్ళకి సెలవు ఇచ్చారు. ఇంటికొచ్చినప్పుడు సంచీలోంచి నీలం చొక్కా తీసి ఉతకమని ఇచ్చాడు. తెప్పవాళ్ళు ఇచ్చారట, లుంగీతో పాటు. వాడి ఎడమ చెంప మీద కొత్త చర్మం మెరుస్తోంది. ఎర్ర తువ్వాలు సంగతి అడిగాను. వాడి దగ్గర లేదు. తెప్ప మీద భుజానికి ఏమీ వేసుకోలేదన్నాడు. హాలంతా వెతికాం, పెట్టె బోర్లించాం, తువ్వాలు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు. వాడి మనసు మాత్రమే వచ్చిందని ఒకాయన నాకు వివరించబోయాడు. మనసు తువ్వాలు పట్టుకుపోతుందా అని అడిగాను.

ఊ ఖిన్ ఒకరోజు కుంటుకుంటూ మా ఇంటికి వచ్చాడు. బక్కపలచని మనిషి, ఎక్కువ మాట్లాడడు. అమ్మ చేతి గారెలు తిన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన పెదనాన్న గొంతూ వినలేదు, అమ్మ గొంతూ వినలేదు. సముద్రం చప్పుడే విన్నాడు. కానీ సింహాద్రి మధ్యమధ్యలో ఆగిపోతుంటే ఎందుకు ఆగాడా అని కళ్ళు తెరిచి చూశాడట. ఖాళీ నీళ్ళ వైపు చెవి పెట్టి, ఎవరో చెబుతున్నది వింటున్నట్టు, నవ్వుతూ నిలబడి ఉన్నాడట. ఇతనికి పిచ్చెక్కింది, ఇప్పుడు నేను పోతే ఇతన్ని ఎవరు చూసుకుంటారు అని, ఆ భయంతోనే నిద్ర ఆపుకున్నానన్నాడు.

సెలవు చివరి రోజున సింహాద్రి అన్నం ముందు కూర్చుని, ఉన్నట్టుండి నన్ను అడిగాడు.

"అప్పా, నాను నిజంగా ఒచ్చినానా?"

"ఒచ్చావు" అన్నాను.

వాడు కంచం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత అన్నం కలుపుకుని తిన్నాడు. సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయాడు. నీళ్ళలో మునిగి తేలినవాడికి కూడా సేవ కాలం తగ్గదు. ఇది రాస్తున్న రోజుకి కూడా వాడు మళ్ళీ ఏదో పడవ మీదే ఉన్నాడు.

ఎలా జరిగిందో నాకు తెలియదు. కనుక్కోవాలని చాలా ప్రయత్నించాను, తెలియలేదు. తెలుస్తుందని కూడా అనుకోవడం లేదు. పెదనాన్న ఆ విషయం ఎత్తితే లేచి వెళ్ళిపోతాడు. ఆడపిల్లల్లో ఒకామె వాళ్ళ నాన్న ఒత్తిడి మీద, ఏమో సరిగ్గా చూడలేదు అనడం మొదలుపెట్టింది. నేను ఆమెని తప్పుపట్టను.

ఈ ఊళ్ళో ఇప్పుడు అందరికీ బాగా వచ్చిన మాట ఒకటుంది. నేనేం చూడలేదు. పక్కింట్లోంచి ఎవరినైనా తీసుకెళ్ళినా అదే మాట, సందు చివర ఏం పేలినా అదే మాట. అనక తప్పదు, బతకాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా చేత ఆ మాట అనిపించలేరు.

ఆ మధ్యాహ్నం, ఎండలో, మా తమ్ముణ్ణి నేను చూశాను.